గంట కిరాయి

లండన్‌లో హైడ్ పార్కు పక్కన అద్దె సైకిలెక్కి నాలుగు గజాలు తొక్కానో లేదో, మా అమ్మాయి వెనక నుంచి గట్టిగా అడిగింది. "అమ్మా, నీకు సైకిల్ వచ్చా?"

ముప్ఫై ఏళ్లుగా నన్ను చూస్తున్న పిల్ల. నాకు ఏ మోకాలు నొప్పో, ఏ సినిమాకి కళ్లనీళ్లు పెట్టుకుంటానో, చీటీ డబ్బులు బీరువాలో ఏ చీర మడతలో దాస్తానో అన్నీ దానికి తెలుసు. నాకు సైకిల్ వచ్చని మాత్రం తెలియదు. దాని తప్పేం లేదు, నేనెప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదా అని తిరుగు ప్రయాణం పొడవునా ఆలోచిస్తూ వచ్చాను. ఆ ఆలోచనే ఇవాళ్టి వ్యాసం. లండన్ కబుర్లు రాస్తానని ఎదురుచూస్తున్నవాళ్లు ఏమీ అనుకోకండి, ఇందులో లండన్ కొంచెమే. మిగతాదంతా అబిడ్స్, నాంపల్లి.

నా పుట్టిల్లు బొగ్గులకుంట. అత్తిల్లు నాంపల్లి స్టేషన్ దగ్గర. రెంటికీ మధ్య రెండు కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. నా యాభై అయిదేళ్ల జీవితం దాదాపుగా ఆ రెండు కిలోమీటర్లలోనే నడిచిందంటే అతిశయోక్తి కాదు. చిన్నప్పుడు మా గల్లీ చివర ఒక సైకిల్ టాక్సీ ఉండేది. ఈ కాలం పిల్లలకి ఆ మాట చెబితే సైకిల్ మీద మనల్ని కూర్చోబెట్టుకుని తీసుకెళ్తారా అని అడుగుతారు. కాదు. కిరాయికి సైకిళ్లిచ్చే దుకాణాన్నే అలా అనేవాళ్లం. గోడకి ఒక గడియారం, కింద బల్ల, బల్ల మీద నూనె మరకల నోటుబుక్కు, ఒక పెద్ద గాలిపంపు. బయట వరసగా సైకిళ్లు, వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబర్లు. పెద్దవాళ్లవి నల్లవి. పిల్లలవి ఎరుపో ఆకుపచ్చో, ఎన్నిసార్లు రంగేశారో తెలియనంత మందంగా పెయింటు. గంటకి అర్ధరూపాయి, అరగంటకి పావలా.

దుకాణం చాచా మొహం తెలియని పిల్లలకి ఇచ్చేవాడు కాదు. "ఎవరి పిల్లవు?" అనేవాడు. నాన్న పేరు చెబితే నోటుబుక్కులో సైకిల్ నంబరు, నాన్న పేరు, టైము రాసుకునేవాడు. నా పేరు ఆ పుస్తకంలో ఎప్పుడూ లేదు. సైకిల్ తొక్కింది నేను, జామీను మా నాన్న.

మొదట్లో గంటలో సగం పడటానికీ లేవడానికీ సరిపోయేది. పిల్లల సైకిళ్లన్నీ మగపిల్లలు పట్టుకుపోతే మాకు పెద్ద సైకిలే గతి. సీటు అందదు కాబట్టి కడ్డీ కింది నుంచి ఒక కాలు అవతలికి పెట్టి, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కడం. కైంచీ అనేవాళ్లం. మీలో ఎంతమంది అలా తొక్కారో కామెంట్లలో చెప్పకపోయినా ఫరవాలేదు, చదువుతూ నవ్వుకుంటారని నాకు తెలుసు. గౌను చెయిన్లో పడేది. ఇంటికొచ్చాక ఆ గ్రీసు మరక అమ్మకి కనబడకుండా మడత పెట్టుకోవడం ఇంకో విద్య.

1981 వేసవిలో ఒకరోజు గంటకి సరిపడా డబ్బులు చేతిలో పడ్డాయి, చిన్న సైకిల్ దొరికింది. గల్లీలోనే తిరగాలని షరతు. నేను గల్లీ దాటాను. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా వెళ్లి, అక్కడితో ఆగుదామనుకుని ఆగలేక, స్టేషన్ రోడ్డు పట్టుకుని నాంపల్లి స్టేషన్ దాకా పోయాను. స్టేషన్ ముందు నిలబడి ఎర్రచొక్కాల కూలీల్ని, టాంగాల్ని, పెట్టెల మీద కూర్చుని నిద్రపోతున్నవాళ్లని చూశాను. మా ఇంటికి ఇంత దగ్గరలో ఇంత మంది తెలియనివాళ్లు ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు. పాస్‌పోర్టు మీద ముద్రలు ఎన్ని పడ్డా, నేను చేసిన మొదటి విదేశీ ప్రయాణం అదేనని ఇప్పటికీ అనుకుంటాను. పావుగంట ఆలస్యంగా తిరిగొస్తే చాచా గడియారం వైపు చూసి, నా మొహం వైపు చూసి, అదనం అడగలేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి అర్ధరూపాయి రావడం ఆగిపోయింది. ఎవరూ తిట్టలేదు, వద్దని ఎవరూ గట్టిగా చెప్పలేదు. నాయనమ్మ ఒకసారి "ఇంక చాలు, పెద్దదానివయ్యావు" అంది, అంతే. అప్పటి నుంచి ఈ ఊరిని నేను వెనక సీట్లోంచే చూశాను. మొదట నాన్న సైకిల్ క్యారియర్, తర్వాత అన్నయ్య లూనా, పెళ్లయ్యాక ఆయన స్కూటర్, ఆటోలు, ఇప్పుడు పిల్లాడి కారు. వెనక సీట్లోంచి కనిపించేవి మనకి తెలుసు కదా. ముందు కూర్చున్నవాళ్ల వీపు, పక్కకి జారిపోయే దుకాణాల బోర్డులు. ఆగాలని మనకనిపించిన చోట బండి ఆగదు.

ఇక్కడిదాకా చెప్పింది నాకు జరిగింది. నేను చేసింది ఇంకా చెప్పలేదు.

మా అమ్మాయికి ఆరో తరగతిలో లేడీబర్డ్ సైకిల్ కొన్నాం. ముందు బుట్ట, హ్యాండిల్‌కి రంగు రంగుల కుచ్చులు. స్కూలుకి దాని మీదే వెళ్లేది. తొమ్మిదో తరగతిలో ఉండగా, 2009లో, ఒక సాయంత్రం వచ్చి చెప్పింది, రెండు రోజుల నుంచి బైకు మీద ఇద్దరు కుర్రాళ్లు వెంట వస్తున్నారని. చెప్పిందంటే నా మీద ఎంత నమ్మకం ఉండాలి! నేను ఆయనకి చెప్పాను. ఆ ఆదివారమే సైకిల్ అమ్మేశాం. సోమవారం నుంచి ఆటో మాట్లాడాం. ఆ కుర్రాళ్లెవరో, ఏ బండో కనుక్కుందామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వాళ్ల బైకుకేమీ కాలేదు, మా పిల్ల సైకిలే పోయింది. అప్పటికి రెండేళ్ల తర్వాత మా అబ్బాయి ఇంటర్‌లో చేరితే, కాలేజీ దూరమని మోటారుసైకిల్ కొనిచ్చాం. అదే ఇంట్లో, అదే డబ్బులతో.

పిల్ల ఏడవలేదు. ఆటోలో వెళ్లింది, వచ్చింది. ఆ తర్వాత దారిలో ఏం జరిగినా నాకు చెప్పడం మానేసిందని చాలా ఏళ్లకి అర్థమైంది.

ఇప్పుడు లండన్. అక్కడ అద్దె సైకిళ్లు 2010లో మొదలయ్యాయట. వీధి పక్కన ఇనుప దిమ్మెలకి వరసగా తగిలించి ఉంటాయి. యంత్రంలో కార్డు పెడితే అయిదంకెల కోడ్ వస్తుంది, అన్నీ ఒకట్లు, రెళ్లు, మూళ్లే. దిమ్మె మీద ఆ అంకెలు నొక్కితే పచ్చ దీపం వెలిగి సైకిల్ ఊడి వస్తుంది. బరువు సుమారు ఇరవై మూడు కిలోలు, బియ్యం బస్తాని లాగినట్టే. అరగంట దాటితే అదనం. ఎక్కడ తీసుకున్నా ఇంకెక్కడైనా తగిలించేయొచ్చు. "భలే కనిపెట్టారు కదమ్మా" అంది మా అమ్మాయి. నాకు నవ్వొచ్చింది. గడియారం, నంబరు, అరగంట లెక్క, ఆలస్యమైతే అదనం... చాచా దుకాణంలో లేనిది ఇందులో ఏముంది? పచ్చ దీపం తప్ప. పారిస్ వాళ్లు 2007లో ఇలాంటిది పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1965లోనే కొందరు కుర్రాళ్లు సైకిళ్లకి తెల్లరంగు వేసి ఎవరైనా తొక్కుకోండని వీధిలో వదిలారు. కొత్త నాగరికత అని మనం ఫొటోలు దిగుతున్న వస్తువు మన గల్లీల్లో వెలిసి, వాడి, ఎండిపోయిందే.

ఒక తేడా మాత్రం ఉంది. యంత్రం "ఎవరి పిల్లవు?" అని అడగలేదు.

పార్కులో రెండు చుట్లు తిరిగాక నా కాళ్లకి అన్నీ గుర్తొచ్చాయి. తర్వాత థేమ్స్ ఒడ్డునే సైకిళ్లకి విడిగా కట్టిన దారిలో, పార్లమెంటు దగ్గర్నుంచి టవర్ వైపు వెళ్లాం. నా ముందు నా కన్నా పదేళ్లు పెద్దావిడ, బుట్టలో కూరగాయలు. తలకి స్కార్ఫు కట్టుకున్న అమ్మాయిలు. ముందు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని తొక్కుతున్న ఒక తల్లి. చుడీదారు మీద స్వెట్టరు వేసుకుని, బొట్టు పెట్టుకుని వెళ్తున్న నన్ను ఎవరూ తల తిప్పి చూడలేదు. నచ్చిన చోట ఆగాను. బస్సులో అరగంటకొకసారి ఒక లండన్ కనిపించింది, సైకిల్ మీద వీధికొక లండన్ కనిపించింది. ఒక చోట దారి తప్పాం కూడా. ఊరు గుర్తుండిపోవాలంటే అదొక మంచి పద్ధతి.

సైకిళ్లు తగిలించేసి, నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తింటుంటే మా అమ్మాయి మామూలుగా, వాతావరణం గురించి అడిగినట్టు అడిగింది. "నా లేడీబర్డ్ ఎవరికమ్మావమ్మా?"

పదహారేళ్ల తర్వాత. ఎవరికో నాకు గుర్తులేదు. అదే చెప్పాను. "సరేలే" అంది. డబ్బా మూత పెట్టి సంచీలో పెట్టింది.

నేను చెప్పదలుచుకున్న విషయానికి వస్తాను. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లినావిడ సైకిల్ మీద ఫొటో పెడుతుంది, పారిస్ వెళ్లినావిడ పెడుతుంది, నేనూ పెట్టాను. అందరం చప్పట్ల బొమ్మలు పెడతాం. అదే ఆవిడ కూతురో మనవరాలో అబిడ్స్ దాకా సైకిల్ మీద వెళ్లొస్తానంటే, "అమ్మో, ఈ రోడ్ల మీదా?" అంటాం. రోడ్లు బాగాలేవన్నది నిజమే, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ అదే రోడ్డు మీద కొడుకుని పంపిస్తున్నాం. మనం భయపడేది సగం లారీలకి, మిగతా సగం చూసేవాళ్లకి. విదేశంలో మనల్ని చూసేవాళ్లు మన చుట్టాలు కారు, అందుకే అక్కడ ధైర్యం వస్తుంది. ఆ రెండో సగాన్ని కూడా రోడ్ల ఖాతాలో రాసేయడం ఆపాలని నా మనవి.

ఇంకో మాట, అద్దె గురించి. సొంత సైకిల్ కొనాలంటే ఇంట్లో నలుగురు ఒప్పుకోవాలి. ఎవరికి కొనాలన్నప్పుడు ముందు కొడుకు పేరే వస్తుంది. కొన్నది అమ్మేయడానికి కూడా ఇంట్లో ఒకరు నిర్ణయిస్తే చాలు, మా ఇంట్లో జరిగినట్టు. కిరాయి సైకిల్‌ని ఎవరూ అమ్మేయలేరు. చేతిలో అర్ధరూపాయి ఉంటే గంటసేపు అది నీది. ఆడపిల్లకి ఆ గంట విలువ ఎంతో చెప్పలేను. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1991 ప్రాంతంలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. పొలం కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, నర్సులు, అంగన్‌వాడీ వాళ్లు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. కొందరికి అవే నచ్చాయట, ముందు కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. మన దగ్గర కూడా ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' అని హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లిచ్చారు. పల్లెటూళ్లలో ఆడపిల్ల సైకిలెక్కడం అంత విడ్డూరమేం కాదు. పట్నంలోనే, అదీ మాలాంటి మధ్యతరగతి ఇళ్లలోనే, పరువు అడ్డొస్తుంది.

ఇంటికొచ్చాక ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం, నా ఊళ్లో కూడా విదేశీయురాలిలా ఒకసారి తిరిగి చూడాలని నిర్ణయించుకున్నాను. కిరాయి సైకిల్ కోసం వెతికితే ఒక్క దుకాణం దొరకలేదు. చివరికి మా వీధి పక్కన పంక్చర్లు వేసే ఆయన్ని అడిగాను. ఎవరో రిపేరుకిచ్చి ఏడాదిగా రాని లేడీస్ సైకిల్ ఒకటి మూల పడి ఉంది. "మీకా, మనవరాలికా?" అన్నాడు. నాకే అన్నాను. గంటకి యాభై. నాన్న పేరు అడగలేదు, ఫోన్ నంబరు రాసుకున్నాడు.

మా ఆయన "ఇది లండన్ కాదు" అన్నారు. తెలుసండీ అన్నాను. "కుక్కలుంటాయి" అన్నారు. పొద్దున ఆరున్నరకి బయల్దేరి స్టేషన్ రోడ్డెక్కాక వెనక తెలిసిన చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే స్కూటర్ మీద ఆయన, యాభై గజాల దూరంలో, నన్ను చూడనట్టు. ముప్ఫై రెండేళ్ల కాపురంలో మొదటిసారి ఆయన నా వెనక ఉన్నారు.

1907లో కట్టిన స్టేషన్‌ని దాటి అబిడ్స్ వైపు వెళ్తుంటే గోల్డెన్ థ్రెషోల్డ్ వస్తుంది. సరోజినీ నాయుడు పుట్టింటివాళ్ల ఇల్లు. ఆ ముందు నుంచి నేను కొన్ని వేలసార్లు వెళ్లి ఉంటాను, ఒక్కసారీ ఆగలేదు. ఈసారి ఒక కాలు నేల మీద ఆనించి నిలబడి చూశాను. హైదరాబాద్ యూనివర్సిటీ మొదట్లో ఈ ఇంట్లోనే నడిచిందంటారు కదా, ఆ బోర్డు కూడా ఇప్పుడే చదివాను. ఈ ఇంటి పిల్ల పదహారేళ్లప్పుడు, 1895లో, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్లింది. లండన్‌లో కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జిలో గిర్టన్. 1898లో తిరిగొచ్చింది. ఆ మధ్యలోనే, 1897 మే నెలలో, ఆడవాళ్లకి డిగ్రీలివ్వాలా వద్దా అని కేంబ్రిడ్జిలో ఓటింగు పెట్టారు. వద్దనే మగ విద్యార్థులు వీధిలో ఒక దిష్టిబొమ్మ వేలాడదీశారు. ఏ బొమ్మ అనుకుంటున్నారు? సైకిల్ తొక్కుతున్న ఆడమనిషి. డిగ్రీ కంటే, ఓటు కంటే, వాళ్లకి కంటగింపుగా కనిపించింది ఆ సైకిలే. ఓటింగులో ఆడవాళ్లు ఓడిపోయారు. కేంబ్రిడ్జి వాళ్లకి పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో. మా నాయనమ్మ ఒక్కతే కాదన్నమాట, ఆ తెల్లదొరలూ అదే మాటన్నారు. ఈ విషయం తెలిసినప్పటి నుంచి ఆవిడ మీద నాకు కోపం తగ్గింది.

అక్కణ్నుంచి పెద్ద పోస్టాఫీసు. వన్‌వే ఎటో నాకు తెలియదు, ఎప్పుడూ నడిపినవాళ్ల బాధ్యతే కదా అది. దిగి నడిపించుకుంటూ దాటాను. ఆర్మీనియా నుంచి వచ్చి ఆరో నిజాం దగ్గర కొలువు చేసిన ఆబిద్ ఇక్కడ దుకాణం పెడితే అతని పేరే పేటకి మిగిలిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. షట్టర్లన్నీ దించి ఉన్న అబిడ్స్‌ని నేను ఎన్నడూ చూడలేదు. బోర్డులు లేని పై అంతస్తుల వైపు చూస్తే పాత కిటికీలు, చెక్క బాల్కనీలు, గోడలో మొలిచిన రావి మొక్కలు. పోస్టాఫీసు నుంచి మొజంజాహీ మార్కెట్ వైపు నేల మూసీ దిశగా వాలి ఉంటుందని స్కూటర్ మీద ఎన్నేళ్లు తిరిగినా తెలియలేదు, పెడల్ తొక్కకుండానే సైకిల్ జారిపోతుంటే తెలిసింది. 1935 నాటి ఆ రాతి మార్కెట్‌ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. ఐస్‌క్రీం దుకాణాలు ఇంకా తెరవలేదు. గడియారం స్తంభం కింద నిలబడి ఫ్లాస్కులో టీ తాగాను. మా ఆయన కూడా వచ్చి ఒక కప్పు తాగి, "ఇంత మెల్లగా స్కూటర్ నడపడం నా వల్ల కాదు, నడుం పట్టేసింది" అని ఇంటికి వెళ్లిపోయారు.

తిరుగుదారి గాంధీభవన్ మీదుగా. ఇప్పుడది ఎగువ, కాళ్లు లాగాయి. పైన మెట్రో, కింద స్తంభాల నీడ. నుమాయిష్ అయిపోయింది కాబట్టి ఎగ్జిబిషన్ గ్రౌండులో కర్రలు, రేకులు విప్పుతున్నారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇక్కడికి మారిన నుమాయిష్‌కి నేను పుట్టినప్పటి నుంచి వెళ్తున్నాను. అందులో ఒకరోజు లేడీస్ డే ఉంటుంది, మగవాళ్లకి ప్రవేశం లేదు. ఆ రోజు మా అత్తయ్య లాంటివాళ్లు కూడా జెయింట్ వీల్ ఎక్కి అరిచేవాళ్లు. ఆ గ్రౌండులోనే ఆడపిల్లల కోసం సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఉంది, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉంది. రోజూ ఎంతమంది అమ్మాయిలు ఆ గేట్లలోంచి వస్తారు! వాళ్లలో ఒక్కరు కూడా సైకిల్ మీద రావడం నేను చూడలేదు.

ఇక రోడ్ల సంగతి. మా ఆయన మాటలో సగం ఒప్పుకుంటాను. సోమవారం పది గంటలకి ఇదే చుట్టు నేను తొక్కను, నా కూతుర్నీ తొక్కమనను. బస్సులు, అడ్డదిడ్డంగా ఆపిన బండ్లు, ఫుట్‌పాత్ లేని చోట రోడ్డు మీదే మనుషులు. సైకిల్ వాళ్ల కోసం మన ఊళ్లో ఏమీ చేయలేదనీ కాదు. 2023లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన పైన సోలార్ పలకలతో ఇరవై మూడు కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. చాలా బాగుంటుందట. దాని మీద తొక్కాలంటే నాంపల్లి నుంచి సైకిల్‌ని కారు మీద వేసుకుని నార్సింగి దాకా పోవాలి. కారున్నవాళ్ల సైకిల్ దారి అది. మెట్రో వచ్చిన కొత్తలో కొన్ని స్టేషన్ల దగ్గర ఫోన్‌తో తెరిచే అద్దె సైకిళ్లు పెట్టారు. అబిడ్స్ నడిబొడ్డుకి మెట్రో రాదు, నాంపల్లిలోనో గాంధీభవన్‌లోనో దిగి ఆటో ఎక్కాల్సిందే. అద్దె సైకిల్ అనేది పనికొచ్చే చోటు ఏదైనా ఉంటే అది ఇదే.

విదేశాల్లో రోడ్లు దేవుడిచ్చినవి కావు. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. పిల్లల్ని చంపడం ఆపండి అంటూ జనం వీధుల్లో బైఠాయించారు, వాళ్లలో తల్లులు చాలామంది. వాళ్లు పిల్లల సైకిళ్లు అమ్మేసి ఆటోలు మాట్లాడలేదు. ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

నేను అడిగేది అంత పెద్దది కూడా కాదు. ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి జనానికి వదిలిన అనుభవం మన ఊరికి ఉంది. నుమాయిష్‌లో లేడీస్ డే ఎప్పటి నుంచో ఉంది. ఆ రెండూ కలిపితే చాలు. నెలకి ఒక ఆదివారం, పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు, నాంపల్లి స్టేషన్, పోస్టాఫీసు, మొజంజాహీ మార్కెట్, గాంధీభవన్, మళ్లీ స్టేషన్. ఈ చుట్టులో రోడ్డుకి ఒక పక్క ఆడవాళ్ల సైకిళ్లకి వదలండి. రెండో పక్క రైలు దిగేవాళ్లకి, బస్సులకి ఉంచండి. ఆ టైముకి అబిడ్స్‌లో షాపులుండవు కాబట్టి వ్యాపారం పోయేదీ లేదు. మెట్రో స్టేషన్ కింద వంద సైకిళ్లు కిరాయికి పెట్టండి. గంటకి ఎంతైనా పెట్టండి, జామీను మాత్రం అడగొద్దు. ముందు తరం వాళ్లు మాలాగే పడుతూ లేస్తూ నేర్చుకుంటారు. వీధిలో సైకిల్ మీద ఆడమనిషిని చూడటం కళ్లకి అలవాటవ్వాలి. ఆ అలవాటు చట్టంతో వచ్చేది కాదు, రోజూ కనిపిస్తేనే వస్తుంది. ఒక్క ఆడపిల్ల వెళ్తే వెంటపడతారు, యాభై మంది వెళ్తే దారిస్తారు. మా అమ్మాయి ఆ రోజు ఒంటరిగా ఉంది. ఆ రోజు నేను చేయాల్సింది ఇంకో సైకిల్ కొనడం.

ఎనిమిది దాటాక సైకిల్ అప్పజెప్పడానికి వెళ్తుంటే స్టేషన్ రోడ్డు మీద పాత పుస్తకాలవాళ్లు మూటలు దింపుతున్నారు. గంటన్నర అయింది. పంక్చర్ షాపు ఆయన గడియారం చూశాడు, నన్ను చూశాడు, డెబ్బయి అయిదు తీసుకున్నాడు. చాచా అంత మంచివాడు కాదు.

మా పై ఫ్లోర్ అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. నేను సైకిల్ మీద వెళ్లడం బాల్కనీలోంచి చూసిందట. సాయంత్రం కూర గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, "ఆంటీ, వచ్చే ఆదివారం నేను కూడా రానా?" అంది. వాళ్లమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "నువ్వు పక్కనుంటావుగా వదినా?" అని నన్నడిగింది. ఉంటానన్నాను. "నీకూ కావాలంటే చెప్పు" అన్నాను. నవ్వి ఊరుకుంది, వద్దని మాత్రం అనలేదు.

పంక్చర్ షాపు ఆయనకి ఫోన్ చేస్తే లేడీస్ సైకిల్ ఒక్కటే ఉందన్నాడు, ఇంకోటి కావాలంటే కడ్డీ ఉన్న పాత పెద్ద సైకిలేనట. అది నా పేరు మీద రాసి ఉంచమని చెప్పాను.